యంత్రవిజ్ఞాని జి. డి. నాయుడు

తమిళనాడులో కోయంబత్తూరు నగరమునకు చేరువ కలంగల్ అను పల్లె కలదు. ఆ పల్లెలో 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన ఒక తెలుగు రైతు కుటుంబమున గోపాలస్వామి దొరస్వామి నాయుడు జన్మించెను. ఇంటిలో మాటలాడు భాష తెలుగు. వీధిలో వినవచ్చు భాష తమిళము. ఆ మండలమున ఇట్టి తెలుగు కుటుంబములు నేటికిని వేలకొలది కలవు. వారి పూర్వులు కొన్ని శతాబ్దములకు ముందు తెలుగు సీమ విడిచి దక్షిణమునకు పోయి, అచటి నేలను సాగుచేసి, ప్రత్తి పండించుచు స్థిరపడినవారు. దొరస్వామి పుట్టిన కొలది కాలమునకే తల్లి మరణించెను. తల్లి లేని పిల్లవాడు పెంకెవాడుగా పెరిగెను.

బడి యనిన అతనికి గిట్టెడిది కాదు. ఉపాధ్యాయులపై ఇసుక చల్లి పరుగెత్తుట, అందులకు దెబ్బలు తినుట అతనికి పరిపాటి. మూడవ తరగతితో చదువు ముగిసెను. ఈ సంగతి విని నేటి పిల్లలు సంతోషింప నక్కఱలేదు. పుస్తకముల వలన తేలికగా తెలిసెడి విషయములను ఆ బాలుడు తరువాత చేతులు కాల్చుకొని తెలిసికొనవలసి వచ్చినది. అట్లు తెలిసికొనుటకు ఎన్నో యేండ్లు పట్టినవి.

దొరస్వామి కౌమారమున నున్నపుడు ఒక ఆంగ్లేయోద్యోగి ఆ పల్లె ప్రాంతమునకు మోటారు సైకిలుపై వచ్చెను. ఎద్దుబండ్లను, గుఱ్ఱపుబండ్లను తప్ప మఱి యే బండిని ఎఱుగని పల్లె అది. ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు, త్రొక్కుట యైనను లేదు. అయినను బండి పరుగిడుచున్నది! ఆ బండి త్రోవలో నిలిచిపోగా దొర దానిని స్వయముగ విప్పి బాగుచేసికొనె ననియు, ఆ పనికి వలసిన కిరసనాయిలును, గుడ్డపీలికలను దొరస్వామియే పరుగెత్తి తెచ్చి యిచ్చె ననియు చెప్పుదురు. బండి పోయెను. దాని చప్పుడు మాత్రము పిల్లవాని చెవులను విడువలేదు. అట్టి బండిని తాను సంపాదింపవలయు నని అతడు నిశ్చయించుకొనెను.

సంపాదించుట యెట్లు? తండ్రి పొలమునకు నీరు పెట్టుచు కూర్చుండిన అది కొనుటకు తగిన ధనము రాదు. దొరస్వామి ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక భోజనశాలలో వడ్డన పనికి కుదిరెను. ఎంగిలాకులు తీసి, బల్లలు తుడిచి, వచ్చిన జీతములో పైసపైసయు కూడబెట్టెను. మూడేండ్లు గడచినవి. చేతిలో సుమారు మూడు వందల రూపాయలు చేరినవి. ఆ సొమ్ముతో అతడు ఒక రడ్జ్ మోటారు సైకిలును కొనెను. ఆ బండ్లు ఇంగ్లండులోని కవెంట్రీ పట్టణమున తయారగుచుండెడివి.

మఱి యెవరైనను దానిపై ఎక్కి ఊరంతయు తిరిగి యుందురు. దొరస్వామి దానిని మర మరకు విడదీసెను! విడదీసి, ప్రతి భాగమును చూచి, మరల కూర్చెను. కూర్చి, మరల విడదీసెను. ఈ పని అతనికి గురువును, పాఠశాలయు, పాఠ్యపుస్తకమును అయ్యెను.

ఆ ఇంజనులోని కీలక మెట్టిదో విద్యార్థులు కొంచెము తెలిసికొనినచో అతడు పూనిన పని యెంతటిదో బోధపడును. సిలిండరు అను లోహపు గొట్టములోనికి పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి వచ్చును. పిస్టను పైకి లేచి ఆ మిశ్రమమును గట్టిగ అదుమును. సరిగా ఆ సమయమున అందొక నిప్పురవ్వ పుట్టవలయును. పుట్టెనా, మిశ్రమము భగ్గున మండి పిస్టనును క్రిందికి త్రోయును, చక్రము తిరుగును. పుట్టదా, తొట్టి నిండ పెట్రోలున్నను బండి వట్టి యినుపముద్ద. రవ్వ వేళకు ముందు పుట్టినను చిక్కే. వేళ మీరి పుట్టిన బండికి బలముండదు. నిమిషమునకు వేలమారులు తిరుగు యంత్రములో ఈ రవ్వ ఒక్కసారియు తప్పిపోరాదు.

నేటి బండ్లలో ఆ రవ్వకు బ్యాటరీ ఆధారము. ఆ కాలపు మోటారు సైకిళ్ళలో బ్యాటరీ యుండెడిది కాదు. మాగ్నెటో యను చిన్న యంత్రమే విద్యుత్తును పుట్టించి రవ్వను ఇచ్చెడిది. గుఱ్ఱపులాడము వలె వంగిన ఉక్కు అయస్కాంతము ఒకటి. దాని రెండు కొమ్ముల నడుమ మెత్తని యినుముపై రాగితీగ చుట్టిన కదురు ఒకటి. ఇంజను తిరిగినపుడు కదురును తిరుగును. అయస్కాంతము చెంత తీగచుట్ట కదలినచో ఆ తీగలో విద్యుత్తు పుట్టునని 1831లో ఇంగ్లండు దేశీయుడగు మైకేలు ఫారడే కనుగొనెను. మాగ్నెటోకు ఆ సూత్రమే మూలము.

అయితే అట్లు పుట్టిన విద్యుత్తునకు గాలిని చీల్చుకొని దుముకునంతటి వత్తిడి లేదు. అందుచే కదురుపై రెండు చుట్టలు చుట్టుదురు. లోపలిది లావుతీగ, కొలది చుట్లు. పైది వెండ్రుక వంటి సన్నని తీగ, వేలకొలది చుట్లు. లోపలి తీగలో విద్యుత్తు బాగుగ పాఱుచుండగా, పాయింట్లు అను రెండు చిన్న లోహపు మొనలు ఒకదానినుండి యొకటి చటుక్కున విడివడును. ప్రవాహము తెగును. ఆ తెగిన క్షణముననే పై తీగలో వేల వోల్టుల వత్తిడి పుట్టి, ప్లగ్గు మొనకడ రవ్వయై దుముకును. పాయింట్లు విడివడునపుడు వాని నడుమనే మంట పుట్టి అవి కాలిపోకుండునట్లు కండెన్సరు అను భాగము కాపాడును. చూచుటకు చిన్నది, అది చెడినచో మాగ్నెటో అంతయు నిష్ఫలము.

ఈ యంత్రమును వాడుకలోనికి తెచ్చిన ఖ్యాతి జర్మనీలోని స్టుట్‌గార్టు నగరమున కర్మశాల నడపిన రాబర్టు బాష్ అను నతనికి చెందును. అతడు 1887లో కదలని ఇంజనులకును, 1897లో బండ్లకును మాగ్నెటోలను అమర్చెను. అతనికడ పనిచేసిన గొట్లోబ్ హోనోల్డ్ అను ఇంజనీరు 1902 నాటికి ఎక్కువ వత్తిడి గల మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును సిద్ధపఱచెను. కొలది యేండ్లలో లోకములోని మోటారు బండ్లలో పెక్కు వానికి స్టుట్‌గార్టు మాగ్నెటోలే దిక్కైనవి. 1914లో యుద్ధము రాగా ఇంగ్లండువారు చిక్కున పడిరి. శత్రుదేశమునుండి మాగ్నెటోలు రావు. స్వదేశమున చేయువారు బహు కొలదిమంది. సైన్యపు బండ్లకును విమానములకును రవ్వ కరవయ్యెను. అరచేతిలో ఇముడు వస్తువొకటి పరదేశమునుండి రాకుండిన నెంతటి రాజ్యమైనను ఎట్లు తడుముకొనునో ఆనాడు లోకమునకు తెలిసినది. దొరస్వామి నాయుని తరువాతి జీవితమును తెలిసికొనుటకు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనదగినది.

మాగ్నెటోను విప్పు వానికి కొన్ని ప్రమాదములు కలవు. అయస్కాంతపు కొమ్ముల నడుమనుండి కదురును ఊరక లాగివేసినచో ఆ పాత ఉక్కు అయస్కాంతముల బలము తగ్గిపోవును. కదురు వెలికి వచ్చుటకు ముందే రెండు కొమ్ములను కలుపుచు ఒక యినుపముక్కను అడ్డముగ ఉంచవలయును. ఇంజను పండ్లచక్రము మాగ్నెటో పండ్లచక్రమును ఏ పంటికడ కలిసి యున్నదో గుర్తుపెట్టుకొనక విప్పినచో మరల కూర్చునపుడు రవ్వ వేళ తప్పును. ఒక్క పన్ను అటో యిటో జరిగిన చాలును, బండి కదలదు. లేదా త్రొక్కుడుమీట వెనుకకు తన్ని త్రొక్కిన వాని కాలు విఱుగును. ఇవన్నియు అచ్చైన పుస్తకములలో కలవు. ఆంగ్లము రాని పల్లె యువకునికి ఆ పుస్తకములు లేవు. ఒకసారి చెడగొట్టి, రెండవసారి కారణము వెదకి, మూడవసారి సరిచేయుట యొక్కటే అతనికి గల మార్గము.

ఆ కాలపు నేర్పరి పనివాడు నిలిచిపోయిన బండిని చూచినపుడు చేతికి వచ్చినదెల్ల విప్పెడివాడు కాడు. అతని పరీక్షకు ఒక వరుస యుండెడిది. మొదట ప్లగ్గును ఊడదీసి, తీగ తగిలించియే, దాని లోహపు ఒడలు సిలిండరునకు తాకునట్లు పండుకొనబెట్టి, ఇంజనును త్రిప్పి చూచెడివాడు. నీలికాంతితో రవ్వ చిటుక్కున దుమికెనా, మాగ్నెటో నిర్దోషి యని ప్రాయికముగ తలంపవచ్చును. దోషము ప్లగ్గులోనో, పెట్రోలు దారిలోనో, వేళలోనో వెదకవలయును. అయినను ఒక మోసము కలదు. బయటి గాలిలో దుముకు బలహీనమైన రవ్వ, సిలిండరులోని అదుమబడిన వాయువును చీల్చలేకపోవచ్చును. కావున రవ్వ యున్నదా యని చూచుట చాలదు. దాని రంగును, చప్పుడును గమనింపవలయును. ఎఱ్ఱగ, సన్నగ నున్న రవ్వను నమ్మరాదు.

రవ్వయే లేకున్నచో, ఇంజనును ఆపుటకై మాగ్నెటో నుండి మీట వఱకు పోవు తీగను మొదట విడదీయవలయును. ఆ తీగపై తొడుగు ఒరసికొనిపోయి బండి చట్రమునకు తాకినచో విద్యుత్తంతయు నేలపాలగును. మాగ్నెటోలో ఏ దోషమును ఉండదు. బండి మాత్రము కదలదు. ఈ చిన్న తీగ చేసిన మోసమునకు లోబడి మంచి మాగ్నెటోలను ముక్కలుముక్కలుగ విప్పి పాడుచేసినవారు ఎందఱో! ఆ తీగ విప్పినను రవ్వ రాకున్న పాయింట్లను చూచుట. వానిపై చమురో, దుమ్మో పట్టినచో పొడిగుడ్డతో తుడువవలయును. గుంటలు పడినచో సన్నని ఆకురాతితో నునుపు చేయవలయును. అవి విడివడిన సందు ఒక మిల్లిమీటరులో మూడవ వంతు మాత్రమే యుండవలయును. పాయింట్లకడ నీలిమంట చెలరేగుచు ప్లగ్గుకడ రవ్వ కుంటుచున్నచో కండెన్సరును అనుమానించుట. అటుపై కరిబొగ్గు బ్రష్షు అరిగినదా, ప్లగ్గునకు పోవు తీగ తొడుగు పగిలినదా, కదురుపైని లక్కపూత వానలో నానినదా యని క్రమముగ చూచుట. చల్లగ నున్నపుడు చక్కగ నడచి, వేడెక్కిన పిదప ఆగిపోయి, చల్లారగానే మరల నడచు బండి యున్నచో దోషము కండెన్సరులోనో, తీగచుట్ట లోపలనో దాగియున్నది. అయస్కాంతమును నిందించుట అన్నిటికంటె కడపటి మాట.

పొలములు దున్ను పాత ట్రాక్టర్లకును ఇవే రోగములు, ఇవే చికిత్సలు. వానిని చేతితో మెల్లగ త్రిప్పినపుడు మాగ్నెటో వేగము చాలదు గాన, ఒక స్ప్రింగును లోపల బిగించి, అది విడివడినపుడు కదురు ఒక్కసారి వేగముగ తిరుగునట్లు ఏర్పాటు చేసిరి. త్రిప్పునపుడు టక్కు మను చప్పుడు వినబడని ట్రాక్టరు మొరాయించుటకు ఆ స్ప్రింగు జిడ్డుపట్టుటయే తఱచుగ కారణము. పాత ట్రాక్టర్లను వేడుకతో కాపాడుకొనువారు నేటికిని మొదట ఆ చప్పుడుకే చెవి యొగ్గుదురు.

ఇట్లు మోటారు విద్యను స్వయముగ నేర్చిన దొరస్వామి నాయుడుగారు కొంతకాలము తిరుప్పూరున ప్రత్తి వ్యాపారము చేసిరి. అందు లాభము కలిగెను. ఆ ధైర్యముతో బొంబాయి వ్యాపారమునకు దిగి, గడించినది పోగొట్టుకొనిరి. ఆ సంగతి యింతటితో చాలును; వారి ప్రతిభ బేరములలో లేదు.

1920లో వారి జీవితము మలుపు తిరిగినది. కోయంబత్తూరున వర్తకమున పేరుగాంచిన రాబర్టు స్టేన్సు దొర సాయమున వారు ఒక బస్సును కొని, పొల్లాచ్చికిని పళనికిని నడుమ నడప మొదలిడిరి. యజమానియు వారే, తోలువారును వారే, చెడినపుడు క్రింద దూరి బాగుచేయువారును వారే. ఆనాటి ప్రయాణమును నేటి ప్రయాణముతో పోల్చరాదు. త్రోవ రాళ్ళమయము. బస్సు త్రోవలో నిలిచిపోయినచో సమీపమున మరమ్మతుశాల లేదు. పళని సుబ్రహ్మణ్యస్వామి దర్శనమునకు బయలుదేరిన ముసలివారు, చంటిబిడ్డల తల్లులు ఎండలో కూర్చుండవలసినదే. అట్టి త్రోవలో చెప్పిన వేళకు బయలుదేరి చెప్పిన వేళకు చేరు బస్సు కలదనిన జనులకు అది వింత.

ఒక బస్సు పది అయ్యెను. పది మఱి కొన్ని పదులయ్యెను. ఆ సంస్థకు యూనివర్సల్ మోటారు సర్వీసు అని పేరు. దేశములోని చక్కని బస్సు సంస్థలలో నొకటిగ అది ఖ్యాతి గాంచెను. బస్సులు పెరిగినకొలది యజమాని ఒక్కడే అన్నిటి క్రిందను దూరలేడు. ఆయన తన చెవికిని, చేతికిని తెలిసిన విద్యను యంత్రములకు అప్పగింప జూచెను. ఇంజను వణకు తీరును బట్టి దాని లోపలి దోషమును తెలుపు పరీక్షాయంత్రమును రూపొందించెను. టిక్కెట్లు ఇచ్చు యంత్రము, బస్సు వచ్చు వేళను తెలుపు యంత్రము మున్నగునవి ఏర్పఱచెను. బండి ఆగిన పిదప దోషమును వెదకుట ఒక నేర్పు. ఆగకముందే దోషమును పసిగట్టుట అంతకంటె గొప్ప నేర్పు.

తరువాత నాయుడుగారు విదేశములకు పోయి అచటి కర్మాగారములను చూచిరి. 1936 జనవరిలో ఐదవ జార్జి చక్రవర్తి మరణింపగా లండనులో జరిగిన అంత్యయాత్రను వారు స్వయముగ చలనచిత్రముగ తీసిరి. కెమెరాపై వారికి గల మక్కువ వట్టి వేడుక కాదు. చలనచిత్రపు కెమెరాలలో దూరమును సరిపఱచు పరికరమునొకదానిని వారు కల్పించిరి. జర్మనీ దేశమును చూచి వచ్చిన పిదప, పొడిఘటములతో నడచు చిన్న మోటారును అమర్చి గడ్డము గీయు యంత్రమును చేసిరి. దాని పేరు రసాంత్. మిక్కిలి పలుచని గడ్డపు బ్లేడులు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, మోసమునకు వీలులేని ఓటుయంత్రము కూడ వారి కల్పనలలోనివే. ఆ 1936లోనే శాసనసభ ఎన్నికలకు నిలిచి ఓడిపోయిరి.

వీనియన్నిటికంటె దేశమునకు మేలు చేసినది మఱియొకటి. 1932లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరు మండలమునకు వచ్చెను. నూలుమిల్లులు వెలసినవి. బావులలో కపిల తోలించు రైతు విద్యుత్తుతో నీరు తోడుకొనవచ్చునని ఆశపడెను. తీగలు వచ్చినవి గాని మోటార్లు ఏవి? ప్రతి మోటారును ఓడలో రావలసినదే. చెడినచో దాని భాగమునకై నెలలకొలది ఎదురుచూడవలసినదే. మాగ్నెటోలకై ఇంగ్లండువారు పడిన పాట్లే ఇచట బావిగట్టున రైతు పడుచుండెను. నాయుడుగారు డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి, కోయంబత్తూరు చెంతనున్న పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్సు అను కర్మశాల స్థాపించిరి. అందు 1937లో మోటారు తయారయ్యెను. మన దేశమున తయారైన మొదటి విద్యుత్తు మోటారు అదియే యందురు. బాలసుందరం నాయుడుగారు పిమ్మట టెక్స్‌టూల్ సంస్థను స్థాపించిరి. నేడు కోయంబత్తూరు మోటార్లకును పంపులకును దేశమంతట పేరుగన్నది. తెలుగునాట ఎన్నో బావులలో ఆ పంపులే నీరు తోడుచున్నవి.

విద్యార్థులు ఇచట నొక చమత్కారము గమనింపవలయును. మాగ్నెటోలో తీగచుట్టను త్రిప్పినచో విద్యుత్తు పుట్టును. మోటారులో తీగచుట్టకు విద్యుత్తు నిచ్చినచో అది తిరుగును. రెండింటికిని అయస్కాంతబలమే మూలము. ఒకటి రెండవదానికి తలక్రిందులు. చిన్ననాడు మోటారు సైకిలును విప్పి కదురును చేతబట్టి చూచిన వానికి మోటారు చుట్టము వంటిదే.

1941లో నాయుడుగారు ఐదు వాల్వుల రేడియోను డెబ్బది రూపాయలకు తయారుచేసి ఇయ్యగల నని ప్రకటించిరి. రేడియో ధనవంతుల యింటి వస్తువుగ నున్న దినములవి. 1952లో ఇద్దఱు కూర్చుండు పెట్రోలు కారును రెండువేల రూపాయలకు రాగలుగునట్లు రూపొందించిరి. దానిని పెద్ద యెత్తున తయారుచేయుటకు ప్రభుత్వపు అనుమతి లభింపలేదు. ఆనాడు లభించి యుండిన మన త్రోవలపై ఏ కార్లు తిరిగెడివో యోచింప దగినదే.

పొలములోను వారు ఊరకుండలేదు. ప్రత్తి, బొప్పాయి మొదలగు పంటలలో క్రొత్త రకములను పెంచి చూచిరి. సర్ సి. వి. రామన్ పండితుడు వారి తోటను దర్శించి, వారి ప్రతిభను కొనియాడెను. నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త మూడవ తరగతి చదివిన వానిని మెచ్చుట సామాన్యము కాదు.

బడిని ద్వేషించిన ఈయన 1945లో కళాశాల స్థాపనకు పూనుకొనుట విచిత్రము. అప్పటి మదరాసు గవర్నరు పేర కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్కును, ఆర్థర్ హోప్ ఇంజనీరింగు కళాశాలయు వెలసినవి. వానికి నాయుడుగారు ధనమిచ్చిరి. తామే ప్రిన్సిపాలుగ నుండిరి. నాలుగేండ్ల చదువు వ్యర్థకాలయాపన మనియు, విద్యార్థి చేతికి పనిముట్లిచ్చి నేర్పిన రెండేండ్లు చాలు ననియు వారి మతము. ప్రభుత్వము అంగీకరింపలేదు. నాయుడుగారు పదవిని వదలుకొనిరి. ఆ కళాశాలయే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. ఈ వివాదమున న్యాయ మెవరిది? గణితము, భౌతికశాస్త్రము రెండేండ్లలో ఒంటబట్టవు. కాని నాలుగేండ్లు చదివియు స్పానరు పట్టుట యెఱుగని పట్టభద్రులను చూచినపుడు నాయుడుగారి పట్టుదలను పూర్తిగ త్రోసివేయుటకును వీలులేదు. తరువాతి కాలమున ప్రభుత్వమును చిన్న పరిశ్రమలవారికి ప్రత్యేక శిక్షణ అవసరమని గుర్తించెను. హైదరాబాదులో, నేడు సినిమావారి నివాసములకు పేరుపడిన జూబిలీహిల్సు చెంతనున్న యూసుఫ్‌గూడలో, 1962 నుండి అట్టి జాతీయసంస్థ యొకటి పనిచేయుచున్నది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట నాయుడుగారికిని ప్రభుత్వమునకును పన్నుల విషయమున పొత్తు కుదరలేదు. కొత్త వస్తువును కల్పించు వానిని పన్నులు క్రుంగదీయుచున్నవని వారి బాధ. ఆ నిరసనను వారు తెలిపిన తీరు కఠోరమైనది. తాము చేసిన వస్తువులను, రేడియోలను, గడియారములను జనుల యెదుట తామే పగులగొట్టించిరి. ప్రత్తి మొక్కలను పెఱికించిరి. చూచిన వారిలో కొందఱు మెచ్చిరి. పెక్కుమంది కంటతడి పెట్టిరి. అందలి వేదన నిజమైనదే. కాని పగిలిన యంత్రముతో దానిని చేసిన నేర్పు కొంత నశించును. విడదీసిన మోటారు సైకిలును మరల కూర్చిన చేతులు ఈసారి కూర్చుటకు వీలులేనట్లు విఱుగగొట్టినవి. నాయుడుగారి అభిమానులు సయితము ఈ కార్యమును సమర్థించుటకు తడబడుదురు.

అంతటితో వారు విరక్తులై యింట కూర్చుండలేదు. యువకులకు స్వల్పకాలములో వృత్తివిద్యలు నేర్పు ఏర్పాటులు చేసిరి. కార్మికుల క్షేమమునకై ధర్మసంస్థ నెలకొల్పిరి. 1967లో కోయంబత్తూరున పారిశ్రామిక ప్రదర్శనశాలను తెఱచిరి. పిల్లలు లోనికి పోయి యంత్రములను ఎదుటనే చూచి, అవి పనిచేయు తీరును తెలిసికొనుటకు అందు వీలు కల్పించిరి.

1974 జనవరి 4వ తేదీన నాయుడుగారు తమ యెనుబదియొకటవ యేట మరణించిరి. వారి కుమారుడు జి. డి. గోపాల్ తండ్రి సంస్థలను సాగించెను. 2015లో కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై పాత కార్ల ప్రదర్శనశాల యొకటి ఆ సంస్థల పక్షమున ఏర్పడినది. దేశదేశముల పాత కార్లు అందు వరుసగ నిలిచియున్నవి.